ఏ టమాటా నాటాలో ఎవరు నిర్ణయిస్తున్నారు?

టమాటా ధర గురించి మనం ప్రతి ఏడాదీ మాట్లాడుకుంటూనే ఉన్నాం. ధర పడితే రోడ్డెక్కుతున్నాం, పెట్టెలు నడిరోడ్డులో కుమ్మరిస్తున్నాం. ధర పెరిగితే పట్నం వాళ్ళు రైతు బాగుపడిపోయాడని అంటుంటే వింటున్నాం. 2023 జులై నెలాఖరులో మదనపల్లె మార్కెట్లో మొదటి రకం కాయ కిలో 200 రూపాయల దరిదాపుకు వెళ్లింది. సెప్టెంబరు వచ్చేసరికి కిలోకు 10 రూపాయలు దక్కడమే గగనమైంది. పత్తికొండ వైపు కిలో రూపాయి, రెండు రూపాయలు పలికిన రోజులు కూడా మనకు తెలియనివి కావు.

అయితే ధర కంటే ముందే, నారు తెచ్చుకునే రోజునే జరిగిపోయే నిర్ణయం ఒకటుంది. ఏ రకం నాటాలి అన్నది. మన సంఘం సమావేశాల్లో ధర మీద, కరెంటు మీద, బీమా మీద గంటల కొద్దీ చర్చిస్తాం. రకం మాటకొస్తే మాత్రం "అది ఎవరి ఇష్టం వాళ్ళది" అని వదిలేస్తున్నాం. నిజానికి అది మన ఇష్టంగా మిగిలి లేదు. దూరం పోయే లారీ, మండీలో వేలం పాడే వ్యాపారి, విత్తనాల అంగడి, నర్సరీ ఈ నలుగురూ కలిసి మన చేలో ఏ కాయ కాయాలో ముందే తేల్చేస్తున్నారు. పండించే మనం, వండుకు తినే జనం ఆ లెక్కలోనే లేము.

ఈ ఎంపికను మళ్ళీ మన చేతికి తెచ్చుకోవాలన్నది మా అభిప్రాయం. హైబ్రిడ్ వద్దని మేము చెప్పడం లేదు. ఊరు ఊరంతా, ఉన్న పొలమంతా ఒకే తరహా కాయకు అప్పగించడం వద్దంటున్నాం.

నర్సరీ దగ్గర జరిగేది

మన పెద్దవాళ్ళ కాలంలో టమాటా నారు ఇంటి పెరట్లోనో, బావి గట్టునో పోసుకునేవారు. ఇప్పుడు నూటికి తొంభై మంది ట్రేలలో పెంచిన నారు నర్సరీ నుంచి తెచ్చుకుంటున్నాం. ఆరోగ్యమైన నారు దొరుకుతోంది, పని కలిసొస్తోంది, అందులో తప్పేమీ లేదు. కానీ నర్సరీలో ఏ నారు ఉంటుంది? అంతకు ముందు సీజనులో మండీలో ఏ కాయకు పాట ఎక్కువ పలికిందో ఆ కాయ నారు ఉంటుంది. మండీలో ఏ కాయకు పాట పలుకుతుంది? ఢిల్లీకో, కలకత్తాకో, చెన్నైకో లారీలో రెండు మూడు రోజులు ప్రయాణం చేసినా పగలని కాయకు పలుకుతుంది. గట్టిగా ఉండాలి, తొక్క మందంగా ఉండాలి, అన్నీ ఒకే సైజులో ఉండాలి, దోర కాయగా కోసినా దారిలో ఎర్రబడాలి. రుచి ఎలా ఉంది అని వేలంలో అడిగే నాథుడు లేడు.

ఒక సీజనులో ఒక రకానికి మంచి ధర వచ్చిందంటే తర్వాతి సీజనులో చుట్టుపక్కల మండలాలన్నీ అదే రకం, అదే పదిహేను రోజుల్లో నాటుతాయి. కోత కూడా అవే వారాల్లో మొదలవుతుంది. అటు కోలారు నుంచి, ఇటు అనంతపురం నుంచి, పత్తికొండ నుంచి ఒకే తరహా సరుకు ఒకే మార్కెట్లకు చేరుతుంది. ధర పడిపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. అందరం ఒకేసారి, ఒకే కొనుగోలుదారు కోసం, ఒకే కాయ పండించడం వాటిలో ఒకటి. ప్రభుత్వాన్ని నిలదీస్తూనే ఈ మాట కూడా మనలో మనం మాట్లాడుకోవాలి.

హైబ్రిడ్ ఇచ్చింది, అడిగింది

ముందు హైబ్రిడ్ వల్ల వచ్చిన మేలును ఒప్పుకుందాం. తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడత వైరస్ వస్తే పాత రకాల తోట నెల రోజుల్లో ముడుచుకుపోతుంది. ఆ వైరస్‌ను తట్టుకునే గుణం ఉన్న హైబ్రిడ్లు రాకపోతే వేసవిలో టమాటా వేసే ధైర్యం చాలా మందికి ఉండేది కాదు. దిగుబడిలోనూ తేడా పెద్దదే. పరిశోధనా కేంద్రాలు చెప్పే లెక్క ప్రకారం పీకేఎం-1 అనే సూటి రకం హెక్టారుకు 30 నుంచి 35 టన్నులు ఇస్తుంది. బెంగళూరు దగ్గరి భారత ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క రక్షక్ హైబ్రిడ్ 75 నుంచి 80 టన్నుల దాకా ఇస్తుంది. వాళ్ళ క్షేత్రంలో వచ్చినంత మన చేలో రాదు. అయినా రెండింటి మధ్య దూరం ఎంతో అర్థమవుతుంది. ఆకుముడత, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు తెగులు ఈ మూడింటినీ తట్టుకునేలా ఆ హైబ్రిడ్‌ను తయారు చేశారు. అది ప్రైవేటు కంపెనీ సరుకు కాదు, ప్రభుత్వ సంస్థ పని అన్నది గుర్తుంచుకోవాలి.

ఇక హైబ్రిడ్ మనల్ని ఏం అడుగుతుందో చూద్దాం. డ్రిప్పు, మల్చింగ్ షీటు, కట్టెలు, తీగ, పురికొస, నీళ్ళలో కరిగే ఎరువులు, వారానికో మందు. పంట చేతికి రాకముందే ఎకరాకు లక్ష దాటుతుంది. దిగుబడి పెరిగింది నిజమే. ఆ దిగుబడిని అమ్మితే తప్ప తీరని అప్పు కూడా దాంతో పాటే పెరిగింది.

లెక్క కోసం ఒక ఉదాహరణ అనుకుందాం. 25 కిలోల పెట్టె కోసి, పెట్టె బాడిగ, ఆటో బాడిగ, హమాలీ, మండీ కమీషన్ అన్నీ కట్టేసరికి 75 రూపాయలు అయిందనుకుందాం. అంటే కిలోకు 3 రూపాయలు. మార్కెట్లో కిలో 3 రూపాయల కంటే తక్కువ పలికితే కోసిన ప్రతి పెట్టే నష్టమే. అప్పుడు ఎకరాకు 30 టన్నులు కాచినా ఒకటే, 12 టన్నులు కాచినా ఒకటే, కాయ చెట్టు మీదే వదిలేస్తాం. తేడా అంతా అప్పటికే పెట్టేసిన ఖర్చులో ఉంటుంది. లక్షన్నర పెట్టిన వాడు లక్షన్నర పోగొట్టుకుంటాడు. తక్కువ పెట్టిన వాడు తక్కువ పోగొట్టుకుంటాడు. ధర ఉన్న ఏడాది హైబ్రిడ్ గెలుస్తుంది, ధర లేని ఏడాది తక్కువ ఖర్చు గెలుస్తుంది. ఏ ఏడాది ఏదవుతుందో నాటే రోజున ఎవరికీ తెలియదు కాబట్టే ఉన్నదంతా ఒకే వైపు పెట్టకూడదంటున్నాం.

వంటింటి మాట

టమాటా వేసే ఇంట్లో కూడా చారుకు వేరే టమాటా వెతుక్కుంటున్నారు. ఇది నవ్వులాట మాట కాదు. సంతలో కూరగాయలు కొనే ఆడవాళ్ళను ఎవరినైనా అడగండి. చారుకు నాటు టమాటా అంటారు. పప్పులోకి నాటు టమాటా అంటారు. పలుచటి తొక్క, లోపల రసం, గింజ, పులుపు. రెండు కాయలు వేస్తే చింతపండు సగం తగ్గించుకోవచ్చు, పప్పులో వేసి ఎనిపితే కలిసిపోతుంది. గట్టి హైబ్రిడ్ కాయ వేస్తే పప్పు ఉడికినా తొక్క చుట్టలు చుట్టుకుని తేలుతుంది, పులుపు సరిపోక మళ్ళీ చింతపండు పిసకాలి.

అలాగని నాటు కాయ అన్నిటికీ పనికిరాదు. నిల్వ పచ్చడికి, ఎండబెట్టి వరుగులు చేసుకోవడానికి నీరు తక్కువ, కండ ఎక్కువ ఉన్న కోల కాయలు కావాలి. నాటు కాయతో పచ్చడి పెడితే రసం ఇగిరేసరికి గ్యాసు అయిపోతుంది, మిగిలేది గింజలు. హోటళ్ళ వాళ్ళకు చక్రాలుగా కోస్తే చెదరని గట్టి కాయే కావాలి. పచ్చి టమాటా పప్పుకు, పచ్చి టమాటా రోటి పచ్చడికి కూడా గట్టి కాయే బాగుంటుంది. అంటే వంటింటికి ఒక టమాటా చాలదు, కనీసం మూడు తరహాలు కావాలి. జనానికి మూడు తరహాలు కావాలంటే మూడు తరహాల మార్కెట్టు ఉన్నట్టే. మనం ఒక్క తరహాతోనే దాన్ని నింపుతున్నాం.

రుచి ఎందుకు తగ్గిందో శాస్త్రవేత్తలు కూడా కొంత తేల్చారు. పాత రకాల పచ్చికాయను చూస్తే తొడిమ చుట్టూ ముదురు పచ్చ రంగు కనిపిస్తుంది. పండు అంతా ఒకే రంగు తిరగాలని ఆ పచ్చ భుజం లేని కాయలనే ఎంపిక చేసుకుంటూ వచ్చారు. ఆ ఎంపికతో పాటు కాయలో చక్కెర తయారయ్యే గుణం కూడా కొంత తగ్గిందని 2012లో వెలువడిన పరిశోధన చెప్పింది. ఎక్కువ రోజులు నిల్వ ఉండడానికి పండే వేగాన్ని తగ్గించే గుణం పెట్టిన రకాల్లో వాసన, రుచి కూడా తగ్గుతాయి. దోరగా కోసిన కాయ దారిలో ఎర్రబడుతుంది గానీ చెట్టు మీద పండిన కాయంత రుచి రాదు. పైగా 12 డిగ్రీల కంటే తక్కువ చలిలో పెడితే టమాటా తన వాసనను పోగొట్టుకుంటుంది. ఫ్రిజ్‌లో పెట్టిన కాయ చప్పగా ఉందని మన రైతును తిట్టేవాళ్ళకు ఈ మాట చెప్పండి.

నాటు అంటే ఏమిటి?

ఇక్కడ ఒక భ్రమ తొలగించుకోవాలి. టమాటా మన దేశపు పంట కాదు, దక్షిణ అమెరికా నుంచి సముద్రం దాటి వచ్చింది. కోస్తాలో రామములగ అన్నా, చిత్తూరు వైపు తక్కాళి అన్నా, అది మన దగ్గరికి వచ్చి మన నేలకు, మన వంటకు అలవాటు పడిన పంటే. కాబట్టి "నాటు" అంటే ఆదికాలం నుంచి ఉన్నదని కాదు. విత్తనం తీసి మళ్ళీ నాటితే తల్లి లాంటి కాయే కాసే రకం అని అర్థం చేసుకుంటే రైతుకు పనికొస్తుంది. దాన్నే సూటి రకం అంటాం.

అంగట్లో నాటు అని రాసి అమ్మేదంతా నాటు కాదు. నాటు కాయలా బొద్దుగా, గీతలు గీతలుగా, పుల్లగా ఉండే హైబ్రిడ్లు కూడా వచ్చాయి. పేరు చూసి కాదు, విత్తనం ప్యాకెట్టు మీద ఏముందో చూసి తీసుకోవాలి.

మంచి సూటి రకాలు మనకు లేక కాదు. తమిళనాడులోని పెరియకుళంలో అక్కడి నాటు రకం నుంచి తయారైన పీకేఎం-1 మన రాయలసీమలో చాలా కాలం నడిచింది. పుల్లటి కాయ, తొడిమ దగ్గర పచ్చ భుజం, కొంత నీటి ఎద్దడిని తట్టుకుంటుంది. బెంగళూరు సంస్థ ఇచ్చిన అర్క వికాస్ కూడా నీటి ఎద్దడిని ఓర్చుకునే సూటి రకమే. ఢిల్లీ పూసా సంస్థ ఇచ్చిన పూసా రూబీ త్వరగా కాపుకొచ్చే పాత రకం. కోల కాయ కావాలంటే పంజాబ్ చుహారా వంటివి ఉన్నాయి. వీటి లోపం కూడా చెప్పాలి. ఆకుముడత వైరస్ ఉధృతంగా ఉండే వేసవిలో ఇవి నిలబడవు. పలుచటి తొక్క కాయ లారీలో వెయ్యి కిలోమీటర్లు పోదు. కాబట్టి వీటిని వానాకాలం చివర, చలికాలంలో, దగ్గరి సంతకు, రైతుబజారుకు, పట్నం చుట్టుపక్కలకు పెట్టుకోవాలి. చేవెళ్ళ, శంకర్‌పల్లి వైపు హైదరాబాదుకు గంట రెండు గంటల దూరంలో ఉన్న రైతులు ఢిల్లీ లారీకి తగిన కాయను ఎందుకు నాటాలి?

మదనపల్లె సంగతి వేరు. ఆ ప్రాంతం సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే టమాటా పూత రాలుతుంది. మిగతా జిల్లాల్లో అలా రాలిపోయే వేసవిలో అక్కడ కాయ నిలుస్తుంది, దూరప్రాంతాల లారీలు అందుకే అక్కడికి వస్తాయి. అక్కడి రైతుకు వైరస్ తట్టుకునే, ప్రయాణం తట్టుకునే హైబ్రిడ్ అవసరం ఉంది. అదే రకాన్ని కడపలోనూ, కర్నూలులోనూ, వికారాబాదులోనూ అన్ని కాలాల్లో నాటడానికి మాత్రం ఆ కారణం లేదు.

ఫ్యాక్టరీ, కోల్డ్ స్టోరేజీ

ధర పడినప్పుడల్లా నాయకులు రెండు మాటలు చెబుతారు. గుజ్జు ఫ్యాక్టరీ పెడతాం, కోల్డ్ స్టోరేజీ కడతాం. 2018-19 కేంద్ర బడ్జెట్టులో టమాటా, ఉల్లి, బంగాళాదుంపల కోసం ఆపరేషన్ గ్రీన్స్ పేరుతో 500 కోట్లు ప్రకటించారు. ఆ తర్వాత కూడా మనం రోడ్డు మీద కాయ పారబోస్తూనే ఉన్నాం.

కోల్డ్ స్టోరేజీ సంగతి చూద్దాం. గుంటూరు మిరప ఏడాది నిల్వ ఉంటుంది, బంగాళాదుంప నెలల తరబడి ఉంటుంది. టమాటా అలాంటిది కాదు. బాగా చలి పెడితే కాయ దెబ్బతింటుంది, దానికి తగిన చల్లదనంలో పెట్టినా దోరకాయ రెండు మూడు వారాలకు మించి ఆగదు. నాలుగు రోజుల గండం గడవడానికి అది పనికొస్తుంది గానీ రెండు నెలల ధరల పతనాన్ని ఆపదు.

ఫ్యాక్టరీ విషయంలో రకం సంగతి ఇంకా ముఖ్యం. టమాటాలో నీరు పోగా రసంలో కరిగి ఉండే గట్టి పదార్థాన్ని బ్రిక్స్ అనే లెక్కలో కొలుస్తారు. పేస్టు తయారు కావాలంటే అది 28 దాకా రావాలి. బ్రిక్స్ 4 ఉన్న కాయ అయితే కిలో పేస్టుకు 7 కిలోలు కావాలి. 5.5 ఉన్న కాయ అయితే 5 కిలోల పైచిలుకు చాలు. నీళ్ళు ఇగిర్చే ఖర్చు కూడా తగ్గుతుంది. మనం వేసే లారీ రకాల్లో సాధారణంగా నీరే ఎక్కువ. అందుకే ఫ్యాక్టరీ వాడు మన కాయను మార్కెట్టు పడిపోయినప్పుడు మాత్రమే, పారబోసే సరుకు ధరకు అడుగుతాడు. ఫ్యాక్టరీకి తగిన రకం వేరు, దాన్ని దానికోసమే నాటాలి. నాటే ముందే ధర రాసి సంతకం పెట్టాలి. ధర రాయకుండా "మీరు పండించండి, మేము కొంటాం" అనే మాటకు మాత్రం ఎవరూ ఒప్పుకోవద్దు. చిత్తూరు జిల్లాలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు ఏడాదిలో కొన్ని నెలలే నడుస్తాయి. మిగతా నెలల్లో వాటిలో టమాటా ఆడించే ఏర్పాటు చేయమని అడగడంలో న్యాయం ఉంది. ఆ డిమాండుతో పాటు ఏ రకం, ఏ ధర అన్నది కూడా అడగాలి.

రెండు పెట్టెల పండ్లలో ఎకరా విత్తనం

హైబ్రిడ్ కాయ నుంచి తీసిన గింజలు నాటితే ఒక్కో మొక్క ఒక్కో తీరుగా వస్తుంది. అందుకే ప్రతి పంటకూ కొత్త ప్యాకెట్టు కొనాలి. ప్రభుత్వ సంస్థ ఇచ్చిన అర్క రక్షక్‌కైనా ఇదే వర్తిస్తుంది. సూటి రకాలకు ఈ బాధ లేదు. పైగా టమాటా తన పూవులోనే తాను సంపర్కం చేసుకునే పంట. వంకాయ, దోస లాగా పక్క చేలో రకంతో తొందరగా కలవదు. విత్తన పంటకు అధికారులు అడిగే దూరం కూడా 25 నుంచి 50 మీటర్లే. మన ఇళ్ళల్లో విత్తనం నిలుపుకోవడానికి ఇంత సులువైన కూరగాయ తక్కువ.

సూటి రకానికి ఎకరాకు 200 గ్రాముల విత్తనం సరిపోతుంది. వంద కిలోల పండ్ల నుంచి దాదాపు అరకిలో విత్తనం వస్తుంది. అంటే రెండు పెట్టెల పండ్లలో ఎకరాకు చాలినంత విత్తనం ఉంది. ధర లేక పారబోసే పెట్టెల్లో రెండింటిని పక్కన పెట్టుకుంటే చాలు.

పద్ధతి కొత్తదేమీ కాదు. వైరస్ సోకిన మొక్కలను ముందే పీకేయాలి. చేను మధ్యలో ఆరోగ్యంగా, ఎక్కువ కాపుతో ఉన్న మొక్కలకు గుర్తు కట్టాలి. వాటి రెండో, మూడో గుత్తి కాయలను చెట్టు మీదే బాగా పండనివ్వాలి. పిసికి, గుజ్జుతో సహా కుండలోనో ప్లాస్టిక్ బకెట్టులోనో ఒకటి రెండు రోజులు పులియబెట్టాలి. తర్వాత నాలుగైదు నీళ్ళు పోసి కడిగితే తాలు గింజలు తేలిపోతాయి, గట్టివి అడుగున నిలుస్తాయి. గుడ్డ మీద నీడలో ఆరబెట్టి, తడి తగలకుండా దాచుకుంటే మూడు నాలుగేళ్ళు మొలకెత్తుతాయి. ఈ పని మన ఇళ్ళల్లో ఎప్పుడూ ఆడవాళ్ళే చేశారు. విత్తనం ఎంపిక గురించి సంఘం పెట్టే సమావేశాల్లో వాళ్ళు ముందు వరుసలో కూర్చోవాలి.

చట్టం ఏం చెబుతోంది

విత్తనం దాచుకోవడం, మళ్ళీ నాటడం, ఇచ్చిపుచ్చుకోవడం, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవడం మన హక్కు. 2001 నాటి మొక్కల రకాలు, రైతుల హక్కుల పరిరక్షణ చట్టం 39వ సెక్షన్‌లో ఇది రాసి ఉంది. అదే సెక్షన్ ప్రకారం ఆ చట్టం కింద నమోదైన రకం అమ్మేవాళ్ళు ఏ పరిస్థితుల్లో ఎంత ఫలితం వస్తుందో రైతుకు చెప్పాలి, అది రాకపోతే రైతు పరిహారం కోరవచ్చు.

1966 విత్తన చట్టం రాసినప్పుడు మొదటి తప్పుకు పెట్టిన జరిమానా 500 రూపాయల దాకా మాత్రమే. రైతుకు పరిహారం మాట అందులో లేదు. అందుకే మనవాళ్ళు వినియోగదారుల ఫోరానికి వెళ్ళారు. మన ఆంధ్రప్రదేశ్ రైతులే నడిపిన కేసులో, నేషనల్ సీడ్స్ కార్పొరేషన్, మధుసూదన్ రెడ్డిల మధ్య 2012 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. విత్తనం కొన్న రైతు వినియోగదారుడే, పరిహారం కోరే హక్కు అతనికి ఉంది అని చెప్పింది. కొన్న విత్తనమంతా నాటేసే రైతు నమూనా దాచలేదని కేసు కొట్టేయడం కుదరదని కూడా తేల్చింది.

ఈ తీర్పు వాడుకోవాలంటే చేతిలో కాగితం ఉండాలి. ప్యాకెట్టు కొన్నవాడి దగ్గర లాట్ నంబరు, బిల్లు ఉంటాయి. నర్సరీ నుంచి నారు తెచ్చినవాడి దగ్గర ఏముంటుంది? చాలా చోట్ల తెల్ల కాగితం మీద రాసిన లెక్క తప్ప ఏమీ ఉండదు. అది ఏ రకమో, ఏ లాట్ విత్తనమో నర్సరీ వాడి నోటి మాటే ఆధారం. కాయ కాయకపోతే నర్సరీ వాడు కంపెనీని చూపిస్తాడు, కంపెనీ వాడు నర్సరీని చూపిస్తాడు. మన హక్కు ఆ ఇద్దరి మధ్య పోతోంది.

మనం చేయాల్సింది, అడగాల్సింది

మనవైపు నుంచి మొదలుపెడదాం. నాటే ముందు ప్రతి రైతూ మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ కాయ ఎంత దూరం పోతుంది? ఏ నెలలో కోతకు వస్తుంది, ఆ నెలలో ఏ తెగులు ఎక్కువ? కొనేవాళ్ళు దీన్ని దేనికి వాడతారు? ఈ మూడింటికీ జవాబు దొరికాకే రకం పేరు అడగాలి. రెండెకరాలు వేసేవాళ్ళు అరెకరమైనా దగ్గరి సంతకు సరిపోయే సూటి రకం పెట్టాలి. వేసవిలో మాత్రం వైరస్ తట్టుకోని రకం జోలికి పోవద్దు, పాతది మంచిదన్న అభిమానంతో నష్టపోవద్దు. నారు తెచ్చినప్పుడు రకం పేరు, విత్తనం లాట్ నంబరు, తేదీ ఉన్న బిల్లు లేకుండా డబ్బు కట్టవద్దు. ప్యాకెట్టు, బిల్లు పంట అయ్యేదాకా దాచి, ఫోనులో ఫొటో తీసి పెట్టుకోవాలి.

ప్రతి గ్రామ శాఖ ఈ చలికాలంలో ఒక రైతు చేలో కొంత జాగా తీసుకుని మూడు రకాలు పక్కపక్కనే నాటాలి. ఒకటి ఊళ్ళో అందరూ వేస్తున్న హైబ్రిడ్, ఒకటి ప్రభుత్వ సంస్థ హైబ్రిడ్, ఒకటి సూటి రకం. ఖర్చు, కాపు, తెగులు, అమ్మిన ధర రాసిపెట్టాలి. కాయలు ఊళ్ళో ఇళ్ళకు పంచి చారు, పప్పు, పచ్చడి చేయించి ఏది బాగుందో అడగాలి. కంపెనీ వాడు వేసే ప్రదర్శన క్షేత్రం కంటే మన లెక్క మనకు నమ్మకం.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలను మనం అడగాల్సినవి ఇవి:

1. వెంకటరామన్నగూడెం, ములుగు ఉద్యాన విశ్వవిద్యాలయాలు టమాటా పండే ప్రతి మండలంలో రకాల పోలిక క్షేత్రాలు వేయాలి. కాలం వారీగా ఏ రకం ఎలా నిలిచిందో తెలుగులో ప్రకటించాలి.

2. ప్రభుత్వ సంస్థల రకాల విత్తనం నాటే కాలానికి ముందే మండలాల్లో దొరకాలి. విడుదల చేశామని చెప్పి, విత్తనం కోసం రైతు బెంగళూరు పోవాల్సిన పరిస్థితి ఉండకూడదు.

3. నర్సరీ అమ్మే ప్రతి ట్రేకీ రకం, లాట్ నంబరు ఉన్న బిల్లు తప్పనిసరి చేయాలి. ఇవ్వని వాళ్ళ రిజిస్ట్రేషన్ రద్దు చేయాలి.

4. 1966 చట్టం స్థానంలో ఏ చట్టం వచ్చినా రైతుకు పరిహారం, దానికి గడువు ఆ చట్టంలోనే రాయాలి. రైతు కోర్టుల చుట్టూ తిరిగే పద్ధతి పోవాలి.

5. రైతుబజార్లు 1999లో మొదలైంది దళారీ లేకుండా అమ్ముకోవడానికి. అక్కడ నాటు, హైబ్రిడ్ ధరలు విడివిడిగా బోర్డు మీద రాయాలి. రుచికి డబ్బు ఇచ్చే కొనుగోలుదారు ఉన్నప్పుడు ఆ డబ్బు పండించినవాడికి చేరాలి.

6. గుజ్జు ఫ్యాక్టరీలకు రాయితీ ఇచ్చేటప్పుడు నాటే ముందే రైతుతో ధర ఒప్పందం రాసుకోవాలన్న షరతు పెట్టాలి.

ఇవి చేస్తే టమాటా ధర ఇక ఎప్పుడూ పడదని ఎవరూ చెప్పలేరు. గిట్టుబాటు ధర కోసం పోరాటం ఆగదు, ఆగకూడదు కూడా. కానీ ధర మన చేతిలో లేని రోజున కూడా ఏ కాయ నాటాలి, ఎంత ఖర్చు పెట్టాలి, ఎవరికి అమ్మాలి అన్న కొంత నిర్ణయమైనా మన చేతిలో ఉండాలి. వచ్చే మండల సమావేశాలకు వచ్చేవాళ్ళు తమ ఊళ్ళో ఈ ఏడాది ఏ ఏ రకాలు ఎన్ని ఎకరాల్లో వేశారో రాసుకుని రండి. మీ దగ్గర పాత నాటు విత్తనం ఉంటే పిడికెడు పొట్లం కట్టి తెండి. లెక్కా, విత్తనమూ రెండూ అక్కడే పంచుకుందాం.